పిల్లల పక్కన కూర్చున్న బాలమణి గారు

గురువారం ఉదయం తార్నాక నుంచి మల్లేశం గారు ఫోన్ చేశారు. "సార్, మన టీచర్ లేదు సార్" అన్నారు. భార్యను ఆయన కూడా టీచర్ అనే పిలిచేవారు. డాక్టర్ బాలమణి గారి గుండె బలహీనపడిందని, వైద్యులు జాగ్రత్తలు చెప్పారని మాకందరికీ తెలుసు. అయినా అంతకు ముందు ఆదివారమే వారింటి వరండాలో గంటన్నర సేపు కూర్చుని వచ్చాను. ఆమె నాతో వాదించారు కూడా. అలా వాదించిన మనిషి నాలుగు రోజుల్లో ఉండరని ఎవరనుకుంటారు?

ఈ పత్రిక చదివే ప్రాథమికోపాధ్యాయుల్లో చాలామంది ఆమె శిక్షణలో కూర్చున్నవారే. పిల్లలకు చదవడం ఎలా నేర్పాలన్న విషయంలో ఆమె చెప్పినవి ఈరోజు ఎన్నో బడుల్లో ఆచరణలో ఉన్నాయి. వాటి వెనక ఆమె పడ్డ కష్టం మాత్రం కొందరికే తెలుసు. ఆ కష్టంలో కొంత నా వల్ల కలిగిందే. విశ్వవిద్యాలయం విద్యాశాస్త్ర విభాగంలో పరిశోధకులకు పరీక్షా పత్రాలు తయారు చేసి ఇవ్వడం, ఫలితాలు విశ్లేషించడం రిటైరయ్యేదాకా నా ఉద్యోగం. పాత డైరీలు దించి, సరిచూసుకుంటూ ఇది రాస్తున్నాను. జ్ఞాపకం మీద ఆధారపడితే ఆమె ఒప్పుకునేవారు కాదు. "యాదికున్నది వేరు సార్, జరిగింది వేరు" అనేవారు.

ఆమెను మొదటిసారి చూసింది క్యాంపస్ గోడకు అవతల, మాణికేశ్వర్ నగర్ వైపున్న ఒక ప్రాథమిక పాఠశాలలో. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. అప్పటికే మంచి టీచరని పేరు. ఆమె రెండో తరగతి పిల్లలు పాఠం చదువుతుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారు. ముప్పై గొంతులు ఒక్క గొంతులా పలికేవి. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ మెచ్చుకుని వెళ్ళేవాడు.

పిల్లల చదువు పరీక్షించడానికి నేను ఒక చిన్న కాగితం తీసుకుపోయాను. అందులో కొత్త మాట ఒక్కటీ లేదు. వాళ్ళ వాచకంలోని చీమల పాఠంలో ఉన్న మాటలే, వరస మార్చి నాలుగు వాక్యాలుగా రాశాను. ముందు వరసలో ఉన్న చురుకైన పిల్ల కాగితం అందుకుంది, వేలు పెట్టింది, చీమల పాఠం మొదటి నుంచి చివరి దాకా గడగడా అప్పజెప్పింది. రెండో పిల్లవాడూ అంతే. మూడోవాడు కాగితం కేసి చూసి, టీచర్ కేసి చూసి, ఏడుపు మొదలుపెట్టాడు.

"ఏం సార్, మా పిల్లల్ని ఆగం చేయనీకొచ్చిన్రా?" అన్నారు బాలమణి గారు. "వాళ్ళు మంచిగ చదువుతరు. మీ కాగితమే సక్కగ లేదు."

నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆమే మా విభాగానికి నడిచి వచ్చారు. చెమట తుడుచుకోకుండానే, "నిన్నటి కాగితాలు ఇంకో పది ఇయ్యున్రి సార్" అన్నారు. ఎందుకమ్మా అంటే, "నా దగ్గర చదివి మూడుకు పోయినోళ్ళు, నాలుగుకు పోయినోళ్ళు ఉన్నరు గద. వాళ్ళకు గూడ పెడ్త" అన్నారు. వారం తర్వాత ఆ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తర్వాత నవ్వారు, కానీ ఆ నవ్వులో సంతోషం లేదు. "గిన్నేండ్లు నేను సదువు చెప్పలే సార్. టేపు రికార్డర్లు తయారు చేసిన."

తన తప్పును అంత సూటిగా పేరు పెట్టి పిలిచినవాళ్ళను నా సర్వీసులో వేరెవరినీ చూడలేదు. ఆ ఏడాదే ఆమె పరిశోధనకు పేరు నమోదు చేసుకున్నారు. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. చదివిందంతా తెలుగు మీడియం. లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకుని వారానికొక ఇంగ్లీషు వ్యాసం చదివేవారు. చదివి, నా దగ్గరికొచ్చి తగాదా పెట్టుకునేవారు. "వీళ్ళకు ఇరవై ఆరు అక్షరాలే సార్. మన పోరగాండ్లకు గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే ఎన్నైతయి? వీళ్ళు చెప్పింది చెప్పినట్టు మనకెట్ల సరిపోతది? మన బడిల పెట్టి చూడాలె." పరిశోధన అంటే పుస్తకంలో ఉన్నది బడిలోకి మోసుకురావడం కాదని, బడిలో చూసి తేల్చుకోవడమని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు.

ఆమె పద్ధతి క్లుప్తంగా ఇది. వర్ణమాల అంతా అయ్యేదాకా ఆగకుండా, నాలుగైదు అక్షరాలు, రెండు గుణింతపు గుర్తులు నేర్పి, ఆ వెంటనే వాటితో పిల్లలు ఎన్నడూ చూడని మాటలు చదివించడం. రోజూ ఒక కథ తాను చదివి వినిపించడం. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టుకుని వినడం, ఎక్కడ ఆగిందో చీటీ మీద రాయడం, రేపటి పాఠం ఆ చీటీలు చూసి నిర్ణయించుకోవడం. వినేటప్పుడు ఆమె ఎప్పుడూ పిల్ల పక్కనే కూర్చునేవారు. "ఎదురుంగ కూసుంటే పరీక్ష సార్, పక్కన కూసుంటే సదువు."

ఒకసారి ఒక అధికారి వచ్చి, "ఏందమ్మా, నీ క్లాసుల సప్పుడే లేదు? ఇదివరకు ఎంత బాగుండే!" అని చిన్నబుచ్చుకున్నాడు. "ఇదివరకు సప్పుడు వినవడేది సార్. పిల్లలు వినవడకపోయేటోళ్ళు" అన్నారామె. ఆయనకు అర్థమైందో లేదో గాని, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళాడు.

ఇక నేను దాటవేయకూడని సంగతి చెప్పాలి.

ఆ బడిలో రెండో తరగతికి రెండు సెక్షన్లు ఉండేవి. ఎ సెక్షనుకు బాలమణి గారు కొత్త పద్ధతిలో చెప్పాలి. బి సెక్షనుకు వేరే టీచరు మామూలుగా చెప్పాలి. ఏడాది చివర రెంటినీ పోల్చి చూస్తే గాని కొత్త పద్ధతి వల్ల మేలు జరిగిందో లేదో చెప్పలేము. ఈ ఏర్పాటు నాదే. బి సెక్షన్ పిల్లలకు ఏడాది చివరి పరీక్ష అయ్యేదాకా కొత్త పద్ధతిలో ఏమీ చెప్పకూడదని, చీటీలు కూడా వాళ్ళ కంట పడకూడదని ఆమెతో మాట తీసుకున్నాను. నెలలు గడిచాయి. ఆ నెలల్లో నా డైరీలో వారం వారం ఒకే వాక్యం కనిపిస్తోంది: "బి సెక్షన్ యథాప్రకారం."

సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు ఆమె వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "సార్, చెడగొట్టిన" అన్నారు.

బి సెక్షన్‌లో రేణుక అనే పిల్ల ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎ సెక్షన్ కిటికీ దగ్గర నిలబడి చీటీలు చూసేదట. ఒకనాడు పంపు దగ్గర ప్లేటు కడుగుతూ, "టీచర్, నాకెప్పుడు చెప్తవు?" అని అడిగిందట. "ఏం చెప్పాలె సార్? పరీక్ష అయినంక అని చెప్పాల్నా? గీ పిల్లకు ఎనిమిదేండ్లు" అన్నారు బాలమణి గారు. ఆ రోజు నుంచి పంపు పక్కన గట్టు మీద కూర్చుని రేణుకకు చెప్పడం మొదలుపెట్టారు. మర్నాడు రేణుక ఇంకో పిల్లను తెచ్చింది. నెలన్నరకు ఆరుగురయ్యారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఇన్ని నెలల పని బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదమ్మా! మాట ఇచ్చి ఇట్లా చేస్తే ఎట్లా?" అన్నాను. ఆమె తల వంచుకుని అంతా విన్నారు. కాసేపటికి నేనే ఒక దారి చెప్పాను. ఆ ఆరుగురినీ ఎక్కువ రోజులు బడికి రాని పిల్లలుగా చూపిస్తే లెక్కలోంచి తప్పుకుంటారు, మిగతావాళ్ళతో పోల్చవచ్చు, ఎవరికీ తెలియదు అన్నాను. ముప్పై ఏళ్ళు సక్రమంగా పని చేసిన నేను ఆ మాట అన్నాను. ఆ రోజు డైరీలో రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె తలెత్తి చూశారు. "రోజు బడికొచ్చిన పిల్లను రాలేదని ఎట్ల రాస్త సార్?"

అంతే అన్నారు.

జరిగింది జరిగినట్టు సిద్ధాంత గ్రంథంలో రాశారు. పంపు గట్టు, ఆరుగురు పిల్లలు, మాట తప్పిన సంగతి, అన్నీ. పరీక్షకులు ఆ పోలిక చెల్లదని గ్రంథం తిప్పి పంపారు. వాళ్ళు చేసింది న్యాయమే. అదే సమయంలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంలో ఆమెకు అధ్యాపకురాలి పోస్టు వచ్చింది. అందరం వెళ్ళమన్నాం. ఆమె వెళ్ళలేదు. జూన్‌లో బడి తెరవగానే ప్రధానోపాధ్యాయుని దగ్గరకు పోయి, మూడో తరగతికి వచ్చిన ఆ బి సెక్షన్‌ను తనకిమ్మని అడిగి తీసుకున్నారు. ఆ ఏడాదంతా వాళ్ళ పక్కన కూర్చున్నారు. పరిశోధన కోసం కాదు, ఎవరికీ చూపించడానికీ కాదు.

అప్పటికి ఆ సెక్షన్‌లో ముగ్గురు పిల్లలు బడి మానేసి వెళ్ళిపోయారు. వాళ్ళవి కూలి పని మీద వచ్చిన కుటుంబాలు. ఒక పిల్లవాడు రామంతాపూర్‌లో ఉన్నాడని తెలిసి, ఆదివారాలు బస్సెక్కి పోయి చెప్పి వచ్చేవారు. మిగతా ఇద్దరూ, లక్ష్మి, శ్రీను, ఎంత వెతికినా దొరకలేదు. కాచిగూడ స్టేషన్ వైపు ఒక కట్టడం దగ్గర చూశామని ఎవరో అంటే మల్లేశం గారిని వెంటబెట్టుకుని అక్కడికీ వెళ్ళారు. అక్కడ పని అయిపోయి, అందరూ వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మళ్ళీ పరిశోధన మొదలుపెట్టారు. ఈసారి లైబ్రరీ నుంచి ఒక వ్యాసం పట్టుకుని వచ్చారు. "గిట్ల గూడ చేయొచ్చంట సార్. ముందు ఒక సెక్షన్‌కు, కొన్ని నెలలకు రెండోదానికి, ఆ తర్వాత మూడోదానికి. అందరికీ వస్తది, పోలికకు పోలికా ఉంటది. మీకు తెల్వదా?"

"తెలుసమ్మా" అన్నాను. "విశ్లేషణ కష్టమని చెప్పలేదు."

ఆమె ఆ వ్యాసాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నారు. "ఇగనుంచి కష్టమైందే చెప్పున్రి సార్" అన్నారు. కోపగించుకోలేదు. కోపగించుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

అలా చేసిన పరిశోధనకే డాక్టరేటు వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో శిక్షణ కేంద్రంలోనూ మా విభాగంలోనూ ఆమె చేసిన పని పాఠకులకు తెలిసిందే. ఎంత పెద్ద సమావేశమైనా ముందు సమీపంలోని బడికి పోయి నలుగురు పిల్లల చదువు విని గాని వేదిక ఎక్కేవారు కాదు. చప్పట్లు కొడితే చిరాకు పడేవారు. "కొట్టినయి చాలు. రేపు ఎవరి పక్కన కూసుంటరో చెప్పున్రి" అనేవారు.

ఆ చివరి ఆదివారం నేను వెళ్ళేసరికి వరండాలో కుర్చీకి దిండు ఆనించుకుని కూర్చుని ఉన్నారు. పాదాలు వాచి ఉన్నాయి. మల్లేశం గారు చాయ్ తెచ్చి, "సార్, మీరన్న చెప్పున్రి, నా మాట వినది" అన్నారు. "ఏం చెప్తరు? సార్ మాట ఒక్కసారి విన్న, పిల్లలకు ఏడు నెలలు పోయినయి" అన్నారామె నవ్వుతూ. నేను అప్పుడు చెప్పాను, ఎన్నేళ్ళుగానో చెప్పాలనుకున్నది: ఆనాటి తప్పు నాది అని. ఆమె ఒప్పుకోలేదు. "మీ తప్పు మీది, నా తప్పు నాది. మాటిచ్చి తప్పిన, పోలిక చెడగొట్టిన. అది తప్పే సార్. రేణుక మళ్ళ అడిగితే మళ్ళ చేస్త, అది వేరే సంగతి." దాని మీదే మేము వాదించుకున్నది.

అంతలో మా విభాగంలో పరిశోధన చేస్తున్న నరేశ్ అనే యువకుడు తన ప్రణాళిక చూపించడానికి వచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అన్ని పేజీలూ చూశారు. మూడు సెక్షన్లు, ఒకదాని తర్వాత ఒకటి, అంతా పద్ధతి ప్రకారం ఉంది. "మంచిగున్నది బిడ్డా. ఆఖరుకు మొదలయ్యే సెక్షన్ల పిల్లల పేర్లేంది?" అన్నారు. "ఇంకా తీసుకోలేదు మేడమ్, సంఖ్య మాత్రం ఉంది" అన్నాడతను. కాగితాలు తిరిగి అతని చేతిలో పెట్టారు. "పేర్లు తెచ్చినంక రా. సంఖ్య ఆగుతది. పిల్లలు ఆగరు."

ఆమెలాంటి ఉపాధ్యాయురాలు, ఆమెలాంటి పరిశోధకురాలు వేరు వేరుగా మళ్ళీ మనకు దొరకవచ్చు. ఇద్దరూ ఒకే మనిషిలో దొరకడం నా జీవితంలో ఒక్కసారే చూశాను. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదైన ఆ మనిషికి ఈ అక్షరాలతో చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నిన్న సోమవారం నరేశ్ పేర్లు రాసుకొచ్చాడు. ఆమెకు చూపించాల్సిన కాగితం నాకిచ్చాడు. ఒక్కొక్క పేరూ రెండుసార్లు చదివాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బాలమణి గారైతే వీటిలో ఏ పేరు దగ్గర ఆగి, ఏమని అడిగేవారో నాకు తెలియదు.