నీళ్లు తాగిన జామకొమ్మ

నా చిన్నప్పుడు ఒక జామచెట్టును గొడ్డలివేటు నుంచి కాపాడానని చాలామందికి చెప్పుకున్నాను. ఈ మధ్య బహదూర్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు మిద్దె మీద డ్రమ్ములో జామ పెంచుకుంటున్న కింది ఫ్లాటు అమ్మాయికి కూడా చెప్పాను. తాటిచెట్టంత జామ, నా తొడంత కొమ్మ, దాన్ని ఒంటిచేత్తో వంచి కట్టిన పిల్లవాణ్ణి నేను. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, మా పిల్లలకు కూడా చెప్తాను అంకుల్ అంది. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆ చెట్టు పెరటి గోడకన్నా కాస్తే ఎత్తు. కొమ్మ నా మణికట్టంత కూడా ఉండదు. దాన్ని బతికించింది నేను కాదు.

శామీర్‌పేట చెరువుకు అవతల మా ఊరు. మా పక్కిల్లు ఖాలా వాళ్లది. ఆమె మాకు చుట్టం కాకపోయినా వాడకట్టు పిల్లలందరికీ ఖాలాయే, అంటే పిన్ని. లాల్‌గడి మలక్‌పేట్‌లోని తన పుట్టింటి పెరట్లోంచి ఒక జామ మొక్కను తెచ్చి నాటుకుంది. తర్వాత ఆ పుట్టిల్లు అమ్ముడుపోయింది, కొన్నవాళ్లు పెరడంతా చదును చేశారు. ఖాలాకు పుట్టింటిదంటూ మిగిలింది ఆ మొక్కే.

అది పక్క కొమ్మలు లేకుండా ఒకటే పొడుగ్గా పెరిగి, గోడ దాటి, ఆమె బావగారి పెంకుటింటి మీదికి వాలింది. ఆయన్ని మేం చిచ్చా అనేవాళ్లం. మాట గరుకు మనిషి. గాలి వీచినప్పుడల్లా కొమ్మ పెంకుల్ని కదిలించేది, వానకు ఇల్లు కారేది. ఆ ఎండాకాలం ఆయన గోడ దగ్గర నిలబడి తేల్చి చెప్పాడు. "వానలు పడకముందు గీ కొమ్మ నా ఇంటి మీదికెల్లి దిగాలె. లేకుంటే మొదలుకే కొట్టేస్త." ఉన్నదే ఆ ఒక్క కొమ్మ. కొట్టేస్తే మోడు మిగులుతుంది.

ఖాలా దాన్ని నరక్కుండా దించాలనుకుంది. వంచబోయే ముందురోజు నుంచి నీళ్లు ఆపేసేది. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆకులు వాలి, కొమ్మ మెత్తబడ్డాక, పాత దుపట్టా చింపిన పేలికను దాని నడుమన చుట్టి, రెండో కొస నేలలో పాతిన మేకుకు కట్టేది. సుతిలి తాడు వాడేది కాదు, బెరడు తెగుతుందని. ఒక్కోసారి బెత్తెడు మాత్రమే వంచేది. మళ్లీ కొన్నాళ్లు ఆగేది. కొమ్మ పడుకుంటే కణుపు కణుపుకూ ఎండ తగిలి, ప్రతి కణుపూ చిగురు వేస్తుందని చెప్పేది. నా చేతిని కూడా కొమ్మ మీద పెట్టించి, "గుంజకు బేటా. గది ఎంత ఒప్పుకుంటే అంతనే" అనేది.

నాకు అంత ఓపిక లేదు. ఆకాశంలో మబ్బులు మొదలయ్యాయి. రోడ్డు పక్కన బుట్టలు అల్లేవాళ్లు వెదురు బద్దల్ని నీళ్లలో నానబెట్టి ఎటు కావాలంటే అటు వంచడం నేను రోజూ చూసేవాణ్ణి. ఖాలాకు ఈ కిటుకు తెలియదనుకున్నాను. ఆమె మేడ్చల్‌లో పెళ్లికి వెళ్లిన రోజు చెట్టుకు బిందెలకొద్దీ నీళ్లు పోశాను. బిందెలు కాదు, చెంబులు. కానీ చాలా చెంబులు. మర్నాడు పొద్దున్నే సుతిలి కట్టి, నా బరువంతా వేసి గుంజాను. కోసిన వెదురు నీళ్లకు మెత్తబడుతుంది గానీ, బతికున్న కొమ్మ నీళ్లు తాగితే బిర్రుగా అవుతుందని నాకేం తెలుసు. పటుక్కున పగిలి, సగం బెరడు మీద వేలాడింది.

తిరిగొచ్చిన ఖాలాతో ఇది చిచ్చా వాళ్ల మేక పని అన్నాను. మేక గోడెక్కిందనీ, నేను రాయి విసిరాననీ, అయినా అది కొమ్మ మీద ఊగిందనీ వర్ణించాను. బావగారి ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి ఆ రోజు గోడ దగ్గరికి వెళ్లి అరిచింది. కావాలనే మేకను తోలావంది. వాడకట్టంతా గుమిగూడింది. చిచ్చా ఖాలా పెరట్లోకి వచ్చి, పగిలిన కొమ్మను చూసి, దాని నుంచి వేలాడుతున్న సుతిలిని పైకెత్తి చూపించాడు.

"మా మేక ఆకులు తింటదని ఎరుకే గని, సుతిలితోని ముడి గూడ ఏస్తదని ఇయ్యాల్నే తెల్సింది."

అందరూ నవ్వారు. మా అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఖాలా నవ్వలేదు. ముందు ఆయనవైపు తిరిగి, "తప్పుగ అన్న భాయ్ సాబ్, మాఫ్ చెయ్యుర్రి" అంది. తర్వాత నావైపు చూసింది. తిట్టలేదు. "రా బేటా, కొమ్మ పట్టు. పగులు కలిపి కట్టేదాంక కదలకుండ పట్టాలె. నాకున్నయి రెండు చేతులే."

నేను పారిపోయాను.

మా గడ్డివాము వెనక దాక్కుని గోడ మీదుగా చూశాను. చిచ్చా కాసేపు గొణుక్కుని, కొమ్మ కింద భుజం పెట్టాడు. కొట్టేస్తానన్న మనిషే. ఖాలా పగులుకు ఎర్రమట్టి మెత్తి, దుపట్టా పేలిక బిగించి చుడుతోంది. "జల్దీ కానియ్యమ్మా, నా భుజం పోతాంది" అంటున్నాడాయన. "మీరు కదుల్తున్నరు, నేనేం జేద్దు" అంటోందామె. అప్పుడైనా వెళ్లవచ్చు. వెళ్లలేదు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు కట్టు సడలించి కొమ్మను ఇంకాస్త వంచడానికి ఆమె గోడ మీదుగా నన్ను పిలిచేది. ఒకరోజు కడుపునొప్పి అన్నాను, ఒకరోజు బడి పని అన్నాను. కొన్నాళ్లకు పిలవడం మానేసింది. కోపంతో కాదు. చిచ్చా వస్తున్నాడు కనుక నా అవసరం లేకపోయింది, అంతే.

వానలు వచ్చేసరికి కొమ్మ గోడకన్నా కిందికి దిగింది. పెంకులు నిలిచాయి, గొడ్డలి రాలేదు. పగిలినచోట వేలి కణుపులాంటి బొడిపె కట్టింది. పడుకున్న కొమ్మ పొడుగునా చిగుళ్లు నిలువుగా లేచాయి. తొలి కాయల్ని ఖాలా చిచ్చా చేత మా ఇంటికి పంపింది. "పట్టు. మేక తినంగ మిగిలినయి" అని నా చేతిలో పెట్టాడు. ఎంత తియ్యగా ఉన్నాయో బడిలో అందరికీ చెప్పాను. నిజానికి నేను వాటిని కొరకనేలేదు. మా అవ్వ తిన్నది.

కొమ్మ విరిచినందుకు నాకు ఇప్పుడంత బాధ లేదు, పిల్లచేష్ట. మేక మీద పెట్టిన అబద్ధం ఆ నవ్వుల్లోనే కొట్టుకుపోయింది. కానీ కొమ్మ పట్టమని ఆమె అడిగినప్పుడు నా చేతులు ఖాళీగా ఉన్నాయి. అది మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఉద్యోగంలో గానీ ఇంట్లో గానీ నావల్ల ఏదైనా చెడినప్పుడు నా కాళ్లు ముందు పరుగుకే సిద్ధమవుతాయి. అప్పుడు ఖాలా గొంతు వినిపిస్తుంది, వెనక్కి తిరిగి వెళ్లి నిలబడతాను. ప్రతిసారీ వెళ్లానని రాయబోయి కొట్టేశాను. కొన్నిసార్లే వెళ్లాను. వెళ్లిన ప్రతిచోటా ఇంకో చేతికి చోటు ఉంది.