నన్ను విమానం గేటు దగ్గర ఆపిన గోస్పాడు సువార్త

నిన్న పొద్దున సువార్త నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏం పాపా, తిన్నావా?" అని ఎత్తినా.

మగమనిషి గొంతు. వాళ్ళన్న. "అవ్వా, చెల్లెలు ల్యాదు" అన్నాడు.

డ్యూటీకి పోయిందేమో అనుకుంటి. ఆ పిల్లోడు ఏడుస్తా మళ్ళీ చెప్పినాడు.



సువార్త మీలో చానామందికి తెల్యదు. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో, విమానం ఎక్కేముందు బోర్డింగ్ పాస్‌లు చూసే పాప. మాకు చుట్టం గాదు, పక్కం గాదు.

పోయినేడు పూణేలో మా తమ్ముడు ఆసుపత్రిలో పడినాడు. ఆఖరిచూపు చూసుకునేవాళ్ళుంటే బేగా రమ్మన్నారు. అల్లునితో బయల్దేరితి. విమానం ఎక్కడం అదే మొదలు. పాస్ యాడన్నా పారేసుకుంటానేమోనని భయపడి, చెకింగ్ కాంగానే అల్లుని చేతికే ఇచ్చేసినా.

ఆయప్ప బాత్రూమ్‌కు పోయినాడు. అంతలోకే లైను కదిలె. నన్నిడిసిపెట్టి పోతారేమోనని లైన్లో దూరినా.

గేటు దగ్గర ఈ పాప చెయ్యి అడ్డం పెట్టింది.

"టికెట్ వెనకాల, అల్లుని దగ్గర!" అన్నా, ఆళ్లగడ్డ బస్సులో అన్నట్టే. అని ముందుకు నడిచినా.

"ఇది నంద్యాల బస్సు గాదవ్వా. పాస్ చూడందే పంపను. యావూరు నీది?"

"ఆళ్లగడ్డ. తమ్ముడు చావుబతుకుల్లో ఉండాడు. ఇడువు తల్లీ." ఏడ్చేసినా.

"మాది గోస్పాడే. ఏడ్వాకు. ఇంకా చానామంది ఎక్కాల, టైముంది."

నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి మైకులో చెప్పింది. "ఆళ్లగడ్డ అవ్వ అల్లుడు యాడుండాడో బేగా రావాల!"

అందరూ నవ్వినారు. అల్లుడు ఉరికొచ్చి "నా పరువు తీసినావత్తా" అన్నాడు.

రెండు పాస్‌ల మీద పేర్లు చూసి పంపుతా, "నీ తమ్ముని పేరేంది? ప్రార్థన చేస్తా" అనింది. దిగినాక ఫోన్ చెయ్యమని నంబర్ గూడా ఇచ్చింది.

తమ్ముడు నన్ను గుర్తుపట్టినాడు. నా చేత్తో రెండు గుటకలు నీళ్ళు తాగినాడు. మర్నాడు పోయినాడు.

ఆ రెండు గుటకలు ఈ పాప వల్లనే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి అయినాక ఫోన్ చేసేది. పోయినవారం జొరమనింది. "పెద్ద డాక్టర్‌కు చూపిచ్చుకో" అని పోరు పెట్టినా. "నీకు అన్నిటికీ భయమే అవ్వా" అని నవ్వింది.

ఆసుపత్రిలో చేర్చినారని తెలిసి వాళ్ళమ్మ నంద్యాలలో హైదరాబాద్ బస్సెక్కిందంట. బస్సు కర్నూలు దాటకముందే పాప పోయింది.

పక్కన ఎవరుండారో. నీళ్ళడిగిందో ఏమో. ఎవరన్నా పోసినారో ల్యాదో.

ఇదే తిరుగుతాండాది తలకాయలో.

నన్ను టైముకు చేర్చిన బిడ్డ దగ్గరికి మేమెవ్వరం టైముకు చేరల్యాకపోతిమి.

ఇప్పుడు గోస్పాడుకు పోతాండా. వాళ్ళమ్మకు ఏం చెప్పాలో తెల్యదు. ఊరికే పక్కన కూర్చుంటా.

పోయిరా సువార్తమ్మా. ప్రభువు నిన్ను ఒంటరిగా ఇడవకుండా చూసుకోవాల. నిమ్మళంగా నిద్రపో తల్లీ.