బాబాయి శుభ్రం చేసిన కంప్యూటరు

మా ఎముకల ఆసుపత్రికి వచ్చిన మనిషి పేరు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వెళ్ళేది ఎముక ఒక్కటే. "మోకాలు గారూ, మీరు రండి." "నడుము గారూ, కాసేపు కూర్చోండి." "మెడ ఎక్కడ? ఇప్పుడే ఇక్కడుందే!" ఇలా పిలిస్తే ఎవరూ తప్పు పట్టరు. ఒకసారి నడుము నొప్పితో వచ్చిన పెద్ద అధికారి ఒకాయన మాత్రం "నాకో పేరుందయ్యా" అన్నాడు. "ఉంటుందండీ, నొప్పి తగ్గాక తీరిగ్గా వాడుకుందురుగాని" అన్నాడు బాబాయి.

ఈ పిలుపులు పెట్టింది బాబాయే. ఇరవై రెండేళ్ళుగా ముందు గదిలో కూర్చుని చీటీలు రాస్తున్నాడు. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు. డాక్టరు గారూ బాబాయి అనే అంటారు, ఎనభై దాటిన డాక్టరు గారి తల్లీ బాబాయి అనే అంటుంది. ఆవిడ అలా పిలిచినప్పుడల్లా "చిత్తం అమ్మాయి గారూ" అంటాడు.

మనిషి మంచివాడు. ఆయన గదికి పక్కనే ఉన్న కట్ల గదిలో ఇన్నేళ్ళు పనిచేశాను కాబట్టి నాకు తెలుసు. గుమ్మం బయట జనం విడిచిన చెప్పులన్నీ ఎవరూ చూడనప్పుడు వెనక్కి తిప్పి పెడతాడు. వంగలేని వాళ్ళు బయటికి రాగానే నేరుగా కాలు దూర్చేయాలని. ఆ పని ఎవరూ చెప్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. దేవుడు చూసే ఉంటాడు.

ఆరేళ్ళ కిందట ఆసుపత్రికి కంప్యూటరు వచ్చింది. దానికి ఒక బాధ్యుడు కావాలి. అందరి అర్హతలూ జాగ్రత్తగా పరిశీలించగా, కరెంటు ప్లగ్గు బాబాయి బల్లకే దగ్గరగా ఉందని తేలింది. ఆ రోజు నుంచి ఆయనే కంప్యూటరు అధికారి.

ఆ అధికారంతో ఆయన చేపట్టిన మొదటి సంస్కరణ శనివారం శుభ్రత. మధ్యాహ్నం రోగులు పలచబడగానే తడిగుడ్డతో తెర తుడుస్తాడు, కీబోర్డు బోర్లించి వీపు తడుతున్నట్టు తడతాడు. అంతవరకు పర్వాలేదు. ఆ తరువాత లోపలి శుభ్రత మొదలవుతుంది. కంప్యూటరులో ఉన్న ప్రోగ్రాముల జాబితా తెరిచి, పైనుంచి కిందికి ఒక్కొక్క పేరూ చదువుతాడు. తెలిసిన పేరైతే వదిలేస్తాడు. తెలియనిదైతే తీసిపారేస్తాడు.

"ఎందుకు బాబాయి, అది ఏదో పనికొచ్చేదేమో?" అని ఒకసారి అడిగాను.

"మీ ఇంట్లో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి కూర్చుంటే, పనికొస్తాడేమో అని ఊరుకుంటావా?" అన్నాడు.

ఈ సూత్రం ప్రకారం ఒక శనివారం ప్రింటరును సాగనంపాడు. పదకొండు రోజులు చీటీలన్నీ చేత్తో రాసుకున్నాం. "చూశావా, నీ దస్తూరి ఎంత బాగుపడిందో" అని నన్ను అభినందించాడు కూడా.

ఇక ఆ బుధవారం సంగతి.

నెలకొకసారి బుధవారం మూడు నుంచి అయిదు దాకా చేతి ఎముకల పెద్ద డాక్టరు మా ఆసుపత్రికి వస్తారు. చాలా గొప్ప నిపుణుడు. గడియారం చూసుకోవడంలో కూడా నిపుణుడే. రాబోయే రెండు నెలలూ రానని ముందే కబురు పెట్టారు. అందుకే ఆ రోజు బెంచీలన్నీ నిండిపోయాయి.

బెంచీ చివర కుడిచెయ్యి మెడకు వేలాడదీసుకుని ఒక దర్జీ ఆవిడ కూర్చుని ఉంది. మా లెక్కలో మణికట్టు. పిల్లల గౌన్లు కుట్టడంలో మా పేటలో ఆవిడ తరువాతే ఎవరైనా. స్నానాలగదిలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఎముక కాస్త పక్కకు తిరిగినట్టు మా డాక్టరు గారికి అనుమానం వచ్చింది. మూడు గంటల బస్సు ప్రయాణం చేసి, స్కానింగు తీయించుకుని, అక్కడివాళ్ళు ఆ బొమ్మలు ఎక్కించి ఇచ్చిన డిస్కు పట్టుకొచ్చింది. ఎముక నిజంగా తిరిగి ఉంటే వెంటనే ఆపరేషను చేసి ప్లేటు వేయాలి. రెండు నెలలు ఆగితే అది ఎలా ఉందో అలాగే గట్టిపడిపోతుంది. ఇక ఆ చెయ్యి కత్తెర తిప్పదు.

డిస్కుతో పాటు ఒక కాగితమూ ఇచ్చారు. దాని ప్రకారం ఎముక తిరిగి ఉండవచ్చు, లేకపోవచ్చు, వైద్యులే చూసి నిర్ణయించుకోవాలి. ఆ మాత్రం చెప్పడానికి అంత పెద్ద యంత్రం ఎందుకో ఆ పైవాడికే తెలియాలి.

మూడుంపావుకు బాబాయి డిస్కు అందుకుని కంప్యూటరుకున్న డిస్కు పెట్టెలో పెట్టాడు. పళ్ళెం లోపలికి వెళ్ళింది. పచ్చదీపం వెలిగింది. డిస్కు గిర్రున తిరిగిన చప్పుడు మాకందరికీ వినబడింది. వినబడనిది కంప్యూటరు ఒక్కదానికే. తెరమీద డిస్కు బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ. అసలు ఆ పెట్టె తన ఒంట్లో ఉన్నట్టే దానికి తెలియదు.

బాబాయి డిస్కు తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఖాళీయే. ఇక బెంచీలకు పని దొరికింది.

"పంచె అంచుతో తుడవండి, మధ్యలోంచి బయటికి" అన్నాడు మెడ. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మెడ తిప్పలేక గోడకేసి చూస్తూనే సలహా ఇచ్చాడు.

"ఊదండి బాబాయి, గట్టిగా ఊదండి" అంది ఒక మడమ.

"పక్కనించి ఒక్కటిచ్చుకోండి, అదే దారికొస్తుంది. మా ఆఫీసులో అన్నిటికీ అదే మందు" అన్నాడు మోకాలు. ఆయన ఏ ఆఫీసులో పనిచేస్తాడో గాని అక్కడి యంత్రాల మీద నాకు జాలి కలిగింది.

బాబాయి తుడిచాడు, ఊదాడు, ఎందుకైనా మంచిదని ఒక్కటిచ్చుకున్నాడు కూడా. మూడున్నర అయింది. పెద్ద డాక్టరు గారు తన ల్యాప్‌టాప్ తెప్పించారు. అది అప్పడంలా పలచగా ఉంది. ఎంత ఖరీదైనదంటే దానికి డిస్కు పెట్టే చోటే లేదు. నేను పరుగున వెళ్ళి వీధి మలుపులో ఫోటో స్టూడియోవాళ్ళను అడిగి వచ్చాను. ఈ కాలంలో డిస్కులేమిటని వాళ్ళు నవ్వారు.

"చూడకుండా నేనేమీ చెప్పలేనమ్మా" అన్నారు పెద్ద డాక్టరు గారు మణికట్టుతో. "అయిదుకు నేను బయల్దేరాలి."

"నేను వెళ్ళి డిస్కును నిద్రలేపనా అయ్యా? నా దగ్గరున్నది అదొక్కటే" అంది ఆవిడ. గొంతులో ఎగతాళి ఉంది గాని ఎడమచేతి వేళ్ళు ఖాళీ డిస్కు కవరును నలిపేస్తున్నాయి.

బాబాయి కంప్యూటరు రిపేరు చేసే అతనికి ఫోను చేశాడు. బాబాయికి ఒక చెవి సరిగా వినబడదు కాబట్టి ఫోను స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచుతాడు. ఆయన ఆంతరంగిక సంభాషణలన్నీ అందుకే మాకు కంఠతా వచ్చు.

"ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అంది ఫోను.

"మూడుసార్లు."

"పళ్ళెం వస్తోందా? దీపం వెలుగుతోందా?"

"అన్నీ ఉన్నాయి నాయనా. లోపల మాత్రం లేదంటోంది."

"అయితే పెట్టె మంచిదే. లోపలి పరికరాల జాబితా తెరవండి. డిస్కు పెట్టె పేరు పక్కన పసుపు గుర్తు ఏమైనా ఉందా?"

"ఉంది. ముక్కోణంలో ఆశ్చర్యార్థకం."

"ఊఁ. ఈమధ్య ఏమైనా ప్రోగ్రాము తీశారా బాబాయి?"

"లేదే."

"డిస్కుల మీద రాసే ప్రోగ్రాము ఒకటి పోయిన వారం నేనే వేశాను. అది ఉందా?"

"ఉండే ఉంటుంది. నేనెందుకు తీస్తాను?"

"ఎవరైనా పొరపాటున తీశారేమో, కాస్త గుర్తు చేసుకోండి."

"ఇక్కడ నేను తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోరు. నేనేమీ తీయలేదు."

"అయితే పెట్టే పోయినట్టుంది. రేపు సాయంత్రం కొత్తది తెస్తాను."

రేపు అనగానే బెంచీలన్నీ గడియారంకేసి చూశాయి. గోడకేసి చూస్తున్న మాస్టారు కూడా మరింత గోడకేసి చూశాడు. శనివారం శుభ్రత గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోటిదాకా వచ్చింది, గాని తల నెరిసిన మనిషిని నలుగురిలో ఎలా పట్టివ్వను? నేలకేసి చూస్తూ నిలబడ్డాను. అదీ ఒక రకం మంచితనమే. దానివల్ల ఎవరికీ ఏ ఉపకారమూ జరగదు, అంతే.

బాబాయి ఫోను పెట్టేయబోయాడు. ఆవిడ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"పోనీలే బాబాయి, మీరు మాత్రం ఏం చేస్తారు? పొద్దుణ్ణించి మంచినీళ్ళు కూడా తాగలేదు మీరు. ఇవి తాగండి" అని తన సీసా ఎడమచేత్తో ఆయన ముందు పెట్టింది.

బాబాయి ఆ సీసాకేసి చూశాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాడు, నాకు తెలుసు.

"నాయనా, ఉన్నావా?" అన్నాడు ఫోనుతో. "శనివారం నేనే తీశాను. పేరు తెలియలేదని తీసిపారేశాను. ఇందాక మూడుసార్లూ అబద్ధమే చెప్పాను."

ఫోను నవ్వింది. "ఆ ముక్క ముందే చెబితే ఈపాటికి అయిపోయేది కదా! కొత్త పెట్టె అక్కర్లేదు లెండి. సంగతేమిటంటే, ఆ ప్రోగ్రాము డిస్కు పెట్టె ముందు కాపలా మనిషి లాంటిది. మీరు మనిషిని పంపేశారు. 'కాపలా మనిషిని అడక్కుండా ఎవరినీ లోపలికి రానివ్వకూడదు' అన్న ఉత్తర్వు మాత్రం లోపల గోడకు అంటించే ఉంది. కంప్యూటరు ఆ మనిషి కోసం వెతుకుతుంది, దొరకడు, పెట్టెను బయటే నిలబెడుతుంది."

"అచ్చం మా ఆఫీసే" అన్నాడు మోకాలు, ఆప్యాయంగా.

"ఇప్పుడు ఆ ఉత్తర్వు చించేయాలి. రిజిస్ట్రీ అని కంప్యూటరుకు లోపల ఒక పెద్ద చిట్టా ఉంటుంది. నేను చెప్పిన చోటికే వెళ్ళండి. ముందు దానికి ఒక నకలు తీసిపెట్టుకుందాం. ఆ తరువాత రెండంటే రెండే వాక్యాలు తీయాలి. బాబాయి, మీకు చేతులు జోడించి చెబుతున్నాను, తెలియని పేర్లు ఇంకా వందలు కనబడతాయి. ముట్టుకోకండి."

బాబాయి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆ చిట్టాలో ఒకదాని కింద ఒకటి బారెడు బారెడు అంకెలున్నాయి, అన్నీ కవలపిల్లల్లా. ఒక చోట చివర అయిదు, దాని కిందే ఆరు, మిగతాదంతా ఒకటే. నాకైతే కళ్ళు తిరిగాయి. బాబాయికి తిరగలేదు. ఇరవై రెండేళ్ళు చీటీల నంబర్లు రాసిన మనిషి. రోజుకు ఎనభై మోకాళ్ళలో ఒక మోకాలి చీటీ ఇంకో మోకాలికి ఇవ్వలేదు. ఒక్కొక్క అంకె మీద వేలుపెట్టి పైకి చదివాడు, ఫోను ఔనంది. సరైన వరుస దొరికింది.

"అప్పర్ ఫిల్టర్స్ అని ఒకటి, లోవర్ ఫిల్టర్స్ అని ఒకటి, ఉన్నాయా?"

"ఉన్నాయి."

"తీసేయండి."

ఎన్నో శనివారాలు ఎందరినో నిర్దాక్షిణ్యంగా సాగనంపిన ఆ వేలు ఆ రోజు బటను దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "ఇవేనా? సరిగ్గా ఇవేనా?" అని రెండుసార్లు అడిగి, ఒకటి తీశాడు. మళ్ళీ అడిగి రెండోది తీశాడు. తరువాత కంప్యూటరును ఆపి మళ్ళీ వెలిగించాడు.

అది మేలుకోవడానికి తీసుకున్న సమయంలో పెద్ద డాక్టరు గారు గడియారం నాలుగుసార్లు చూశారు. బాబాయి పెదవులు కదిలాయి. ఏ ప్రార్థన చేశాడో అడగలేదు. నేనూ నా వంతు చేశాను.

నాలుగూ నలభైకి తెరమీద గుండ్రటి బొమ్మ కనబడింది.

"వచ్చింది!" అని మెడ గభాలున ఇటు తిరిగాడు. వెంటనే "అమ్మో" అని మెడ పట్టుకున్నాడు. అయినా ఆరు వారాల్లో అంత తిరగడం అదే మొదలట.

పెద్ద డాక్టరు గారు కుర్చీ లాక్కుని బాబాయి బల్ల దగ్గరే కూర్చున్నారు. తెల్లటి ఎముకలు తెరమీద పొరలు పొరలుగా కదిలాయి. ఒకచోట ఆపారు, వెనక్కి వెళ్ళారు, మళ్ళీ ముందుకు వచ్చారు. ఆవిడ తెరకేసి కాక ఆయన మొహంకేసి చూస్తోంది.

"తిరగలేదమ్మా" అన్నారాయన. "ఎముక సరిగ్గానే అతుక్కుంటోంది. పక్కనున్న వాపు చూసి అలా అనిపించింది. ఆపరేషను అక్కర్లేదు. మూడు వారాలు చెయ్యి ఇలాగే వేలాడదీసుకోండి, ఆ తరువాత నెమ్మదిగా వ్యాయామం."

ఆవిడ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. దణ్ణం పెట్టబోయి, ఒక చెయ్యే ఉందని గుర్తొచ్చి ఆగింది. మరుక్షణమే మనిషి మామూలైపోయింది.

"మూడు వారాలా? రెండు చాలవా?"

"చాలవు."

"పోనీ కత్తెర ఒక్కటి..."

"కత్తెర ముట్టుకోవద్దు."

"ఎడమ చేత్తో?"

"ఎడమ చేత్తో ఆకాశాన్ని కత్తిరించుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అని డాక్టరు గారు సంచీ తీసుకుని లేచారు.

చేతికట్టు వదులైందని బాబాయి లేచి తానే కట్టబోయాడు. నిజానికి అది నా పని. అడ్డు చెప్పలేదు.

"అమ్మా, ఇందాక నేను మొదట్లోనే నిజం చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టాడు.

"అదంతా తరువాత గాని, ఏం ముడి బాబాయి ఇది?" అంది ఆవిడ మెడ వంచి చూసుకుని. "గుడ్డ మెలితిరిగింది. విప్పండి. అంచు లోపలికి మడవండి. అలా కాదు, పోగు బయటికి కనబడకూడదు. మళ్ళీ."

ఇరవై రెండేళ్ళుగా ఊరందరి ఎముకలనూ పేరుపెట్టి పిలిచిన మనిషి బుద్ధిగా విప్పాడు, మడిచాడు, కట్టాడు. మూడోసారికి ఆవిడ తలూపింది.