మా పిల్లి షుగరు, మా ఆయన చాయ్

పిల్లికి షుగరంటే మా సిరిసిల్లల ఎవలు నమ్మలే. నేను సుత నమ్మలే. ముందుగాల కనిపెట్టింది మా అత్తమ్మ, అది గూడ చీమలను చూసి.

మా పిల్లి ఇంటెనుక ఇసుక కుప్పల మూత్రం పోసేది. ఒకనాడు పొద్దుగాల అత్తమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ అక్కడ్నే నిలవడ్డది. "ఓ పిల్లా, జర ఇటు రా" అని పిలిచింది. పోయి చూస్తే ఏమున్నది, ఇసుక మీద నల్లగ చీమలే చీమలు. "నా కొడుక్కు గిట్లనే చీమలు పట్టినయ్. దీనికి సుత చక్కెర బీమారే" అన్నది. నేను కసురుకున్న. "పిల్లికి షుగరేంది అత్తమ్మా, నీకు ఏది చూసినా నీ కొడుకే యాదికస్తడు" అన్న. అన్న గని, లోపల నాకు సుత బుగులు పట్టుకున్నది. కొన్ని దినాల సంది ఆ పిల్లి బకెట్ల మూతి పెట్టి తాగుడు తాగుడే. ఎంత తిన్నా ఈపు బొక్కలు తేలుతున్నయ్. మా ఆయనకు సుత మొదలు గట్లనే అయ్యింది.

మా ఆయన సాంచెల మీద బట్ట నేసేటోడు. సాంచెలంటే మా దిక్కు కరెంటు మగ్గాలు. షెడ్డుల ఎలుకలు నూలు కొరుకుతున్నయని సేటు ఒక పిల్లిని సాదిండు. దాని పిల్లల్ల ఒకదాన్ని మా ఆయన అంగి జేబుల ఏసుకొని ఇంటికి తెచ్చిండు. అంత చప్పుట్ల పుట్టింది గదా, మా ఇంటి నిమ్మళానికి దానికి నిద్ర పట్టకపోయేది. ఆయన పండుకొని గురక పెడితేనే వచ్చి కాళ్ల కాడ ముడుసుకునేది. "నీ గురక సాంచె ఆడినట్టే ఉంటది, అందుకే పండుతున్నది" అని నేను నవ్వేదాన్ని. ఇప్పుడు గురక లేదు. పిల్లి ఉన్నది.

ఆయన ఎట్ల పోయిండో చెప్పకుంటే ఈ పిల్లి ముచ్చట సమజ్ కాదు. మాది రాజన్నను మొక్కే ఇల్లు. సోమారం ఒక్కపొద్దు. ఆనాడు పొద్దుగాల ఆయన షుగర్ సూది తీసుకున్నడు, ఏం తినకుంట సాంచెల మీదికి పోయిండు. నేను కోరుట్లల మా చెల్లె బిడ్డ పుట్టెంటుకలకు పోయిన. పగటీలి ఆయన ఒళ్లంత చెమటలు కారంగ, చేతులు వణకంగ ఇంటికచ్చి అరుగు మీద కూలవడ్డడట. పక్కింటి బోయినపల్లి అక్క ఉరికచ్చి చాయ్ గిలాస నోటికి పెట్టిందట. మా అత్తమ్మ ఆ గిలాస గుంజుకున్నది. "చక్కెర బీమారున్నోనికి చక్కెర చాయ్ పోస్తవా, నా కొడుకును చంపుతవా ఏంది" అని వాకిట్ల పారవోసింది. ఆటోల దవాఖానకు మోసేసరికి పానం పోయింది.

నేను కోరుట్ల నుంచి ఏడ్చుకుంట అచ్చినంక డాక్టరు నన్ను అవుతలికి పిలిచిండు. "షుగరు పెరిగి కాదమ్మా, పడిపోయి పోయిండు. తినకుండ సూది తీసుకున్నడు. ఇన్ని చక్కెర నీళ్లు నోట్ల పడితే బతికేటోడు" అన్నడు. ఆ మాట ఆన్నుంచి ఈనాటి దాక నా కడుపుల్నే దాసుకున్న. అత్తమ్మకు చెప్పలే. ఏమని చెప్తరు? కొడుకు పోయిన తల్లికి, నీ చేతులతోనే పోయిండని చెప్తరా? ఆమె వచ్చిపోయేటోళ్లందరికి ఒక్కటే మాట చెప్పుకునేది. "ఆఖరుకు సుత నేను చక్కెర ముట్టనియ్యలే. నా జాగర్తల నేనున్న, రాజన్ననే దయ సూడలే." గదొక్కటే ఆమెకు ఊరట. దాన్ని సుత గుంజుకుంటే ఆ ముసలామె ఇగ ఎట్ల బతుకుతది?

రోజు పొద్దుగాల అత్తమ్మ ఆయన ఫొటో ముంగట గిలాసల చాయ్ పెట్టేది. చక్కెర లేని చాయ్. "పైకి పోయినంక గూడ పథ్యమేనా అత్తమ్మా" అంటే, "బీమారి మనిషి తోనే పోతదా పిల్లా, నీకేం ఎరుక" అనేది. పొద్దుమూకి ఆ గిలాస నేనే కడిగేదాన్ని.

ఇగ పిల్లి సంగతి. సిరిసిల్లల పశువుల డాక్టరు బర్లను, మేకలను చూస్తడు. "దీనికి నాతోని కాదు, జగిత్యాలల కుక్కలను, పిల్లులను చూసే డాక్టరమ్మ ఉన్నది, ఆడికి పో" అన్నడు. పిల్లిని గంపల పెట్టి, మీద గుడ్డ కట్టి, అత్తకోడండ్లం జగిత్యాల బస్సెక్కినం. తొవ్వ పొడుగుత అది ఒర్రుడే ఒర్రుడు. పక్క సీటామె "ఏమైంది దానికి" అని అడిగింది. షుగరన్న. ఆమె బుగ్గ మీద ఏలు పెట్టుకొని, "పిల్లికి బిచ్చం పెట్టనోళ్లను చూసిన గని, పిల్లికి సూది మందు ఇప్పిచ్చేటోళ్లను ఇప్పుడే చూస్తున్న తల్లీ" అన్నది. బస్సంత నవ్విండ్రు. మా అత్తమ్మ ఊరుకుంటదా? "నీకు పుణ్యముంటది, జర అటు మల్లి కూసో. నీ దిష్టికి మా పిల్లి ఇంకింత ఎండేటట్టున్నది" అన్నది.

డాక్టరమ్మ మంచిది. చెవు అంచు మీద సూదితోని చిన్నగ గిచ్చి, నెత్తురు చుక్క మిషనుకు అంటిచ్చి చూపిచ్చింది. మెడ ఎనుక తోలు పట్టి గుడారం లెక్క లేపి, దాని కింద మందు ఎక్కియ్యమన్నది. నాకు కొత్తేం కాదు, ఆయనకు సూది ఇచ్చిన చేతులే గదా. ఆఖరుకు, "ఒక్కటి మర్చిపోకు. తిన్నంకనే సూది. ఎప్పుడన్న తూలి పడిపోయిందంటే షుగరు పడిపోయినట్టే. ఎంటనే చక్కెర నీళ్లు చిగుర్లకు రుద్దు, రుద్దినంకనే నాకు ఫోన్ చెయ్" అన్నది. నేను తలుపు దిక్కు చూసిన. అత్తమ్మ అవుతల బల్ల మీద కూసోని గంప సదురుతున్నది. ఆమెకు వినవడలే. హమ్మయ్య అనుకున్న.

ఇంటికచ్చినంక పని పంచుకున్నం. బువ్వ అత్తమ్మది, సూది నాది. పొద్దుగాల, పొద్దుమూకి, ఆమె ఉప్పు లేకుంట కోడికూర ముక్కలు ఉడకవెట్టి, ఈనెలు తీసినట్టు బొక్కలు తీసి పెట్టేది. అది తిని మూతి నాక్కునేటప్పుడు నేను ఆయన పాత లుంగిల చుట్టి ఒళ్లె పెట్టుకునేదాన్ని. మొదట్ల నా చేతులు అన్నీ గీరింది. తర్వాత తర్వాత ఆ లుంగి వాసనకో ఏమో, కండ్లు మూసుకొని పడుకునేది. సూది దిగినా ఉలికిపడకపోయేది. ఆయనైతే నానా యాగి చేసేటోడు. "నీ మొగనికంటె పిల్లే నయం" అని అత్తమ్మ అనేది, అని కండ్లు తుడుసుకునేది. చూస్తుండంగనే పిల్లి ఒళ్లు చేసింది. ఆయన షుగరు చూసే మిషను ఇంట్ల మల్ల పనిచేస్తుంటే నాకు ఆయన పక్క గదిల ఉన్నట్టే అనిపిచ్చేది.

శ్రావణమచ్చింది. మా ఇంట్ల నెలంత నీసు బంద్. "పిల్లికి శ్రావణమేంది అత్తమ్మా" అంటే వినదు. "ఈ ఇంట్ల ఉన్నది గదా, దానికి సుత ఉంటది" అన్నది. కోడికూర పోయె, పాలబువ్వ అచ్చె. బువ్వంటేనే చక్కెర గదా, షుగరు సర్రున ఎక్కింది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ నన్ను నాలుగు తిట్టి, మందు పెంచింది. "మల్ల కోడికూర మొదలువెట్టిన్నాడు మందు తగ్గియ్యాలె, లేకుంటే పడిపోతది" అన్నది. సరే అన్న. ఆ మాట అత్తమ్మకు చెప్పబుద్ధి కాలే. చెప్తే, పడిపోవుడేంది, షుగరు పడిపోతే ఏమైతది అని అడుగుతది. ఒక్క దారం గుంజితే బట్టంత ఊసిపోతదని నా భయం.

పొలాల అమాసతోని శ్రావణం ఎల్లిన తెల్లారి. నీసుకు పిల్లి మొఖం వాసిపోయిందని అత్తమ్మకు పాపమనిపిచ్చింది. నేను లేవకముందే కోడికూర తెప్పిచ్చి ఉడకవెట్టి, పెరట్లనే దాని కడుపునిండ పెట్టింది. నేనొచ్చి "తిన్నదా" అని అడిగిన. "బొచ్చె నాకింది" అన్నది. పాలబువ్వే అనుకొని, పెంచిన మందే ఇచ్చిన.

పగటీలి పిల్లి నడింట్ల తాగినోని లెక్క తూలింది. ఎనుక కాళ్లు జారినయ్. దబ్బున పడి, నోట్లె సొంగ, కాళ్లు కొట్టుకునుడు. అత్తమ్మ రొమ్ము గుద్దుకున్నది. "అయ్యో నా తల్లీ, పొద్దుగాలనే గదనే అన్ని కూర ముక్కలు తిన్నవు! పిల్లి చచ్చిన ఇల్లు బాగుపడదంటరు, బంగారు పిల్లిని చేసి దానమిచ్చినా ఈ పాపం పోదు" అని ఏడ్వవట్టింది. కూరంటనే నాకు అంత సమజైంది. చక్కెర డబ్బ కోసం అటక దిక్కు ఉరికిన.

"చక్కెరెందుకే" అని అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "చక్కెర బీమారున్నదానికి చక్కెర పోస్తవా, చంపుతవా ఏంది!"

అవే మాటలు. నా చెయ్యి ఆగింది. చక్కెర పెట్టకపోతే పిల్లి పోతది. పెడితే లేస్తది, ఈమె చూస్తది. చూస్తే, ఆనాటి గిలాస యాదికస్తది. కింద పిల్లి ఊపిరి గుర్రు గుర్రుమంటున్నది, అచ్చం ఆయన గురక. ఇగ నాతోని కాలే. అత్తమ్మ చెయ్యి ఇడిపిచ్చుకొని, చక్కెర నీళ్లు కలిపి, ఏలుతోని దాని చిగుర్లకు రుద్దిన. రుద్దుకుంట "లే, లే నాయినా" అని ఏడ్చిన. పిల్లినే అన్ననో, ఆయన్నే అన్ననో నాకే తెల్వదు.

జరసేపటికి నాలుక కదిలింది. నా ఏలు నాకింది. తల లేపి, ఏం కానట్టు మమ్ములను చూసింది.

అత్తమ్మ గోడకు ఒరిగి కూసున్నది. నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి, చెప్పినట్టు ఇంత బువ్వ తినిపిచ్చి ఇటు తిరిగేసరికి అడిగింది.

"బిడ్డా. వానికి సుత ఆనాడు గిట్లనే చెమటలు, వణుకుడు. చాయ్ తాగనిస్తే... వాడు సుత లేచేటోడా?"

ఆమె ఎన్నడు నన్ను బిడ్డా అనలే. పిల్లా అనే పిలిచేది.

"లేదత్తమ్మా" అన్న. "మనుషులది వేరే, పిల్లులది వేరే. ఆయనకు గుండె ఆగింది. డాక్టరే చెప్పిండు." కండ్లల్ల కండ్లు పెట్టి అబద్ధమాడిన. మల్ల అడిగినా మల్ల ఆడుత.

"గట్లనా" అన్నది. లేచి, కొంగుతోని పిల్లి మూతి తుడిచి, పొయ్యి కాడికి పోయింది. నమ్మింది అనుకున్న.

తెల్లారి నేను సూది మందు కోసం ఫ్రిజ్ తీస్తుంటే, ఆయన ఫొటో కింద గోడ పొంటి చీమలు బారు కట్టినయ్. పోయి చూస్తే చాయ్ గిలాస చుట్టు చీమలే.

ఎనుక అత్తమ్మ నిలవడి ఉన్నది. చీమలను దులపవోతే నా చెయ్యి పట్టుకున్నది.

"ఉండనియ్యి బిడ్డా" అన్నది. "ఆనాడు నేనే తాగనియ్యలే. ఇప్పుడన్న తాగనియ్యి."