రెక్కలు మావి, రంగు వాళ్లది

బేగంపేట విమానాశ్రయం జనంతో కిటకిటలాడుతున్న రోజులవి. మా ఆయన అక్కడ ఒక చిన్న విమాన కంపెనీకి మేనేజరు. చిన్న కంపెనీ అన్న సంగతి మేముండే కార్ఖానా వీధిలో ఎవరికీ తెలియదు. విమానం మీద పేరు, రంగు, ఆఖరికి ఆయన మెడలో టై, అన్నీ ముంబైలోని పెద్ద కంపెనీవి. టిక్కెట్లు అమ్మేది వాళ్లు, వేళలు పెట్టేది వాళ్లు. విమానం, పైలట్లు, ప్రయాణికుల తిట్లు మాత్రం మావి. ఇదేం కాపురమండీ అని వెక్కిరిస్తే ఆయన నవ్వేసేవారు.

ఒక వేసవి తెల్లవారుజామున రాజమండ్రిలో మా అత్తగారు పోయారు. పెద్దకొడుకు వచ్చి ముఖం చూసి, తన చేత్తో సెంటు చల్లితేగాని మా ఇంట్లో శవపెట్టె మూత వెయ్యరు. ఆ ఎండలకు ఆగడం కుదరదు, సాయంత్రమే సమాధి. పొద్దున్నే రైలుంది, వెళ్దామన్నాను.

"మన విమానం ఉండగా రైలెందుకు?" అన్నారాయన. మన విమానమట! మధ్యాహ్నానికల్లా వస్తాం, మూత వెయ్యొద్దని తమ్ముడికి ఫోన్ చేశారు.

మేం విమానాశ్రయానికి చేరేసరికి విమానం అద్దాల అవతలే సిద్ధంగా నిలబడి ఉంది. అప్పుడు ముంబై నుంచి ఫోన్. బెంగుళూరులో వాళ్ల పెద్ద విమానం మొరాయించిందట. రాజమండ్రి రద్దు చేసి మా విమానాన్ని అక్కడికి పంపమన్నారు. ఆయన తల్లి సంగతి చెప్పారు. అవతలివాడు సారీ అన్నాడు. మా కంపెనీ యజమానికి చేస్తే, "కాదంటే రేపట్నుంచి వాళ్ల పేరు వాడుకోనివ్వరయ్యా. అందరం ఇంటికే" అన్నాడు.

సామాన్లెక్కించే పెద్దాయన ఆగలేకపోయాడు. "జహాజ్ మనదే గద సార్, పైలట్ సుత మనోడే. గిట్లెట్ల చేస్తరు?"

నాకు ఒళ్లు మండిపోయింది. "తల్లికంటే ఎక్కువా ఆ టై? పీకి పారెయ్యండి!" అని అందరి ముందూ అరిచాను.

"పీకేసినా అది రాజమండ్రి వెళ్లదు కదే" అన్నారు మెల్లగా. పొద్దుటి రైలు ఎప్పుడో వెళ్లిపోయింది, కారులో బయల్దేరినా చీకటి పడేలోగా చేరలేం.

ఆయనే మైకు దగ్గరికి వెళ్లి మూడు భాషల్లో రద్దు ప్రకటన చదివారు. పెద్ద కంపెనీ పేరు మీద క్షమాపణ చెప్పి, దయచేసి సహకరించమన్నారు. జనం ఆయన్ని తిట్టారు. తర్వాత తమ్ముడికి ఫోన్ కలిపారు.

"మేం రావడం లేదు. మూత వేసెయ్యండి. దయచేసి సహకరించండి" అన్నారు, ఆ ప్రకటన గొంతుతోనే.

తల్లి గురించి తమ్ముడితో 'దయచేసి సహకరించండి' అన్నట్టు ఆయనకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు.