మావయ్య బండికి వెనక బ్రేకులు

మా శ్యాంసుందర్ మావయ్య సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూస్తాడు. ఆ సంగతి అడిగితేనే చెబుతాడు. అడగకపోయినా చెప్పేది తన కారు గురించి. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని, ఏళ్ల తరబడి తన చేతులతో బిగించుకున్న రెండు సీట్ల కారు. పైకప్పు లేదు. అక్కడ దానికి నంబరు తెచ్చుకోవడం తన వల్ల కాదని తేలాక, వంతెన అవతల మలేషియాలోని జొహోర్‌లో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని అందులో పెట్టాడు. శనివారం వచ్చిందంటే సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో ఆయన కనిపించడు.

ఆ కారు ఎడమ సీట్లో అరుణశ్రీ అత్తయ్యను కూర్చోబెట్టుకుని అక్కడి రేసు ట్రాక్ మీద ఒక్క చుట్టు తిప్పాలని ఆయన కోరిక. అత్తయ్య ఎక్కదు. మొదటిసారి నడిపిన రోజున వెనక చక్రాల పాత డ్రమ్ బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేశాయి. కారు ఆగక మలుపు దాటి గడ్డిలోకి పోయింది. అత్తయ్య కళ్లారా చూసింది.

"ముందు దానికి ఆగడం నేర్పండి. అప్పుడెక్కుతాను," అంది.

మావయ్యకు అది ఒప్పుకున్నట్టే వినిపించింది. డ్రమ్ములు పీకేసి డిస్కు బ్రేకులు పెట్టడానికి పూనుకున్నాడు. ట్రైన్‌లో, గుడిలో, ఎవరు దొరికితే వాళ్లకి అదే పాఠం. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం, ప్యాడ్లు రెండు వైపులా దాన్ని నొక్కి ఆపుతాయి, జిడ్డు వేలు కూడా దానికి తగలకూడదు. ఇంట్లో మాత్రం ఈ పాఠం ఎప్పుడూ వినిపించలేదు.

చివరి పని బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం. ఒకరు కింద పడుకుని మర తిప్పాలి, ఒకరు పెడల్ తొక్కాలి. ఎప్పుడూ సాయం వచ్చే స్నేహితుడు సీతారామారావు అంకుల్‌కి నడుం పట్టేసింది. మావయ్య అత్తయ్యను అడిగాడు. నేనూ వెంట వెళ్లాను.

"తొక్కు... పట్టుకో... ఆ, వదులు. మళ్లీ."

"కుట్టుమిషనులా తొక్కిస్తున్నారే. చివరికి జాకెట్టేమైనా వస్తుందా?"

కారు కిందనుంచి మావయ్య నవ్వు వినబడింది. తిరుగు బస్సులో అత్తయ్య కిటికీలోంచి చూస్తూ, "ఈసారి ఎక్కుతాలెండి," అంది.

ట్రాక్ మీదికి వదిలేముందు ప్రతి కారుకూ బ్రేకు పరీక్ష ఉంటుంది. ఆ రోజు మావయ్యా నేనూ హెల్మెట్లు తేవడానికి వెళ్లాం. మేం లేనప్పుడు అత్తయ్య సంచిలోంచి చిన్న స్టీలు డబ్బీ తీసింది. అందులో నువ్వుల నూనెలో కలిపిన ఆంజనేయస్వామి సిందూరం. తునిలో వాళ్ల నాన్న లారీకి ఏ కొత్త సామాను బిగించినా, దానికి బొట్టు పెట్టాకే బండి కదిలేదట. చక్రం ఊచల మధ్యనుంచి వేళ్లు పోనిచ్చి ఎడమ డిస్కుకు దిట్టంగా బొట్లు పెట్టింది. కుడివైపు వెళ్లేలోగా మేం వచ్చేశాం.

పరీక్షకు మావయ్య ఒక్కడే నడిపాడు. బ్రేకు తొక్కగానే కుడి చక్రం పట్టింది, ఎడమది జారింది. కారు గిర్రున తిరిగి అడ్డంగా నిలబడింది. పరీక్షించే మలయ్ కుర్రాడు వంగి, డిస్కు తడిమి, ఎర్రబడిన వేలు చూపించాడు.

"ఆయిల్, అంకుల్. టుడే క్యానాట్ లా."

"ఎవరు పెట్టారిది?" అన్నాడు మావయ్య.

"నేనే. కొత్తవి కదాని..."

"మీ నాన్న లారీ అనుకున్నావా? బుర్ర ఉండే చేశావా ఈ పని?"

వరసలో ఉన్నవాళ్లంతా ఇటే చూశారు. భాష తెలియకపోయినా గొంతు తెలుస్తుంది.

"పోన్లేవోయ్, ఆంజనేయస్వామే బ్రేకేశాడనుకో," అని, నడుముకి పట్టీ కట్టుకుని వచ్చిన సీతారామారావు అంకుల్ ఒక్కడే నవ్వాడు.

అత్తయ్య డబ్బీ మూత పెట్టింది. "నూనె తగలకూడదని ఈ అన్నయ్యగారికి తెలుసు. గుళ్లో పూజారికీ తెలుసు. నాకెప్పుడు చెప్పారు?"

"చెబితే మాత్రం వింటావా నువ్వు?"

"తొక్కమంటే తొక్కాను. పట్టుకోమంటే పట్టుకున్నాను. అప్పుడు చెబితే వినకపోదునా?"

మావయ్య వంగి పానాలు సర్దుకున్నాడు.

తరవాత ఆయన డిస్కులు కడిగి కొత్త ప్యాడ్లు వేశాడు. మళ్లీ ట్రాక్ రోజు వచ్చింది. గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"వస్తున్నావా?"

"మీ బండికి నా చెయ్యి పడదు. వెళ్లిరండి."

ఒక్క మాట అంటే వచ్చేదేమో. ఆయన లేసు ముడి బిగించి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సీతారామారావు అంకుల్ నా ఫోనుకి వీడియో పంపాడు. స్ప్రింగులన్నీ ఇద్దరి బరువుకి సరిచేసి ఉన్నాయి కాబట్టి, మావయ్య ఎడమ సీట్లో ఒక బియ్యం బస్తా పెట్టి దానికి బెల్టు కట్టాడు. మలుపు ముందు కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

అత్తయ్య చివరిదాకా చూసి ఫోను నా చేతిలో పెట్టింది.

"బాగానే ఆగుతోంది," అంది. "ఆ బియ్యం మాత్రం ఇంటికి తేవద్దని చెప్పమ్మా. నేను వండను."