అల్ సద్ పార్కులో ఆఖరి శుక్రవారం

అల్ సద్‌లో మా పాత వీధి వెనకున్న పార్కుకు ఈ శుక్రవారం ఆఖరి రోజు. ప్రపంచ కప్ వచ్చేలోగా దాన్ని తవ్వి కొత్తగా కడతారట. సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరికి వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. చీకటి పడేదాకా బయట గట్టు మీద కూర్చుని, ఊరి చివర మెసైమీర్‌లో దిగిన అద్దె గదికి తిరిగి వచ్చాను.

నా భార్య సుజాత పోయి పద్నాలుగు నెలలు. ఈ గల్ఫ్ నగరంలో ఎనిమిదేళ్ళు కాపురం చేశాం. నేను ఒక నిర్మాణ కంపెనీలో డ్రాయింగులు గీసేవాణ్ణి. ప్రతి శుక్రవారం ఆ పార్కులో, నీళ్ళ కుళాయి పక్కనున్న బల్ల మీద కూర్చునేవాళ్ళం. పార్కు మూసేస్తున్నారని పాత సహోద్యోగి ఫోన్‌లో చెప్తే మూడు రోజులు ఉండేలా మా ఊరి నుంచి వచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండు దాకా మెట్రో నడవదు, ఆ తరువాత కిక్కిరిసి ఉంటుంది. అందుకని టాక్సీ ఎక్కాను. ఇరవై ఎనిమిది రియాళ్ళయింది. దారిలో ప్రతి స్తంభానికీ ఫుట్‌బాల్ జెండా. మేమున్న భవనం లేదు, దాని చోట రేకుల కంచె ఉంది.

డ్రైవర్‌ది హైదరాబాద్ పాతబస్తీ. "శుక్రారం పార్కా సార్? ఫ్యామిలీ ఏది?" అన్నాడు.

"లేదు."

"అయితె నన్ను ఆపుకోండ్రి. రెండు నిమిషాలల్ల వాపస్ వస్తరు."

శుక్రవారం పార్కులోకి కుటుంబాలకే ప్రవేశం. ఆ సంగతి నాకు తెలుసు. అది నాకూ వర్తిస్తుందని తట్టలేదు.

కాపలాదారుది జగిత్యాల. "ఒక్క మొగాయనను పంపరాదు సార్."

"పది నిమిషాలు చాలు."

"రేపు రమ్మందునంటె రేపటి సంది బందు. కెమెరా ఉన్నది, నేనేం జేస్త?"

సుజాతతో వచ్చే రోజుల్లో ఒకసారి నలుగురు కూలీలు ఎలాగో లోపలికి వచ్చి మా పక్క బల్ల మీద కూర్చున్నారు. నేనే కాపలాదారును పిలిచి చూపించాను. వాళ్ళు లేచి వెళ్ళారు. "కూర్చుంటే మనకేం పోయిందండీ?" అంది సుజాత. లేచి నాకంటే ముందే గేటు వైపు నడిచింది.

గట్టు మీద నిర్మల్ వైపు నుంచి వచ్చిన కూలీలు కూర్చుని ఉన్నారు. "జరుగుర్రా, సార్ కూసుంటడు," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు మల్లేశ్. "మమ్ముల ఎన్కటి సందే ఎల్లగొడుతుర్రు. మీకు ఫస్టు టైమా?" మిగతావాళ్ళు నవ్వారు.

"రేపైతె ఎవ్వడాపడు సార్," అన్నాడు మళ్ళీ. "ఆరింటికి మా డ్యూటీ గా లోపల్నే. బల్లలన్ని పీకుడు."

కుళాయి పక్క బల్ల గురించి, సుజాత పోయిన సంగతి చెప్పాను. వెనకటి ఫిర్యాదు సంగతి చెప్పలేదు.

"అక్కతోటి కూసునేటోళ్లా?"

"అవును."

అతను గేటు వైపు చూశాడు. "గది ఆఖరుకు పీకుతం తియ్యి సార్."

ఈ నగరం ఎంత మారినా ఈ మనుషులకు గేటు తెరిచేది పని రోజునే. ఎనిమిదేళ్ళు నాకది ఏర్పాటుగా కనిపించింది, అవమానంగా కనిపించలేదు. సుజాతకు కనిపించింది. ఆ మాట ఆమె ముందు ఒప్పుకుందామంటే ఇప్పుడు ఆమె లేదు.

ఒంటరిగా వచ్చే మగవాళ్ళు పార్కులు, మాల్స్ శుక్రవారం పెట్టుకోకండి. ఏ రోజు కుటుంబాలకు కేటాయించారో ముందే కనుక్కోండి.

నా విమానం రేపు పగలు పదకొండింటికి. ఉదయం ఆరింటికి పెట్టెతో ఆ గేటు బయట నిలబడతాను. ఎనిమిదింటికి, ఆ బల్ల పీకినా పీకకపోయినా, విమానాశ్రయానికి వెళ్తాను.